అక్క గీసిన దూపాట

మా చెల్లె కొడుకు హైదరాబాదుల ఆటలు తయారుచేసే చదువు చదువుతాండు. ఆడే చదువు కాదు, తయారుచేసే చదువు. పిల్లలు ఫోన్లు పట్టుకొని అన్నం నీళ్లు మరిచి ఆడుతరు చూడుండ్రి, ఆ ఆటలకు నియమాలు అల్లెటోళ్లు వేరే ఉంటరట, వాళ్లకొక కాలేజీ, దానికొక ఫీజు. మొన్న ఇంటికొచ్చి, "పెద్దమ్మా, నీ అంత నమ్మకంగ అబద్ధాలు చెప్పెటోళ్లు మా క్లాసుల ఎవ్వరు లేరు, నా ఆటకొక కథ చెప్పు" అన్నడు. నాకింక కావల్సిందేముంది. మహబూబ్‌నగర్ దిక్కు గుట్టల్ల పాడువడ్డ కోట, కోట కింద సొరంగం, సొరంగానికి కావలి ఒక ఒంటికన్ను ఎలుగుబంటి, దానితోని ఉర్దూల మాట్లాడితేనే దారి ఇడుస్తది అని చాయ్ చల్లారేదాక చెప్పిన. వాడు ఓపికగ విని, "కథ మంచిగున్నది గని పెద్దమ్మా, ఆడెటోడు ఇందుల ఏం పోగొట్టుకుంటడు? ముందు అది చెప్పు" అన్నడు. నేను చాయ్ గిలాస పక్కకు పెట్టేసిన. పిల్లగాడు నాకు కోపమొచ్చిందేమో అనుకొని, ఎలుగుబంటిని ఎట్లనన్న ఉంచుకుంటనని బతిమాలిండు. కోపం కాదు. ఆ మాట నేను మొదటిసారి విన్నది ఎనబైలల్ల, మా ఊళ్లె పెదనాయిన ఇంటి అరుగు మీద. అన్నది ఆయన బిడ్డ, మా అక్క.

మా బాపు నకిరేకల్‌ల బడిపంతులు. అక్కడ కిరాయి ఇంట్ల ఉండేటోళ్లం. ఎండకాలం సెలవులు రాంగనె నన్ను ఊరికి తోలేటోళ్లు. నాకు బడి నుంచి సెలవైతె, తనకు నా నోటి నుంచి సెలవని మా అమ్మ అందరి ముందట బాజాప్త చెప్పేది. ఊళ్లె మా పెదనాయినది పెద్ద కొట్టం, పెద్ద అరుగు, పెద్ద గొంతు. అన్నింటికన్న పెద్దది ఇంటి ముందటి బోరింగు. కరువు యేడు చేదబాయిలెండి అడుగున మన్ను తేలినప్పుడు, ఒకటెనుక ఒకటి వేసిన బోర్లన్ని దుమ్మే కక్కినప్పుడు, పట్టు ఇడువకుంట ఇంకింత లోతుకు దింపిచ్చి నీళ్లు తీసిండు ఆయన. ఆ నీళ్లు ఎగజిమ్మిననాడు పైనుంచి పోతున్న కొంగ తడిసి బరువెక్కి సూర్యాపేటల దిగిందని నేను బడిల చెప్పేదాన్ని. కొంగ నాది గని తక్కినదంత నిజం. ఆ యేడు ఊరు సగం ఆ చేతిపంపు మీదనే బతికింది. ఇంటికి సుట్టాలొస్తే మా పెదనాయిన ముందు చాయ్ ఇయ్యకపోయేది. చెంబునిండ బోరింగు నీళ్లిచ్చి, తాగేటప్పుడు వాళ్ల మొకం చూసుకుంట నిలవడేటోడు.

ఆ నీళ్లే అక్క కాళ్లు తీసినయి. ఇప్పుడు ఒక్క ముక్కల చెప్పుతున్న గని అప్పుడెవరికి తెలుసు. ముందు పండ్లకు ఇటుకపొడి రాసినట్టు గార పట్టింది. ఇంట్ల అందరికి గట్లనే ఉండె గనుక, మా వంశం పండ్లే గట్ల అనుకున్నరు. తర్వాత మోకాళ్లు లోపలికి తిరిగి ఒకదానికొకటి రాసుకునుడు మొదలైంది. పెదనాయిన బిడ్డను భుజం మీద ఎక్కిచ్చుకొని ఎన్ని గుళ్లు తిరిగిండో, ఎన్ని దర్గాలల్ల తాయెత్తు కట్టిచ్చిండో. బిడ్డంటే ఆయనకు పానం. ఆ సంగతి మరిచి ఇది చదవకుండ్రి. ఆఖరుకు నల్లగొండ దవాఖానల డాక్టరు, కాళ్లకన్న ముందు పండ్లు చూసి, లోతు బోరు నీళ్లు బంద్ చేసి చేదబాయి నీళ్లు తాగుండ్రి, ఈ పిల్ల కాళ్లు మళ్ల రావు గని చిన్నోళ్లవన్న దక్కుతయి అన్నడట. ఇంట్ల చిన్నోడు ఒక్కడే, ఆ యేడే బడిల వేసిన తమ్ముడు. పాల పండ్లు ఊడి కొత్త పండ్లు వస్తున్నయి, వాటి మీద అప్పుడే పసుపు మరకలు.

పట్నం డాక్టరుకు బోరింగంటే ఏమెరుక, నా ఎడ్లు తాగుతలెవ్వా, నేను తాగుతలేనా అని పెదనాయిన తేల్చేసిండు. అసలు చిక్కు వేరే ఉండె. ఊరు మొత్తంల ఎండకుంట నిలిచిన చేదబాయి ఒక్కటే, అది వాడల ఉన్నది. వాడంటే ఊరవతల రేకుల చర్చి చుట్టు, మా చెల్కలకు కూలికొచ్చేటోళ్ల ఇండ్లు. ఆ చేతులు కోసిన జొన్నలు మా ఇంట్లకు రావచ్చు. ఆ బాయిల నీళ్లు మాత్రం రావద్దు. ఆ వాడ పిల్లలు గడ్డివాముల మీదికెల్లి దునికి ఉరుకుతుంటే, వాళ్ల కాళ్లు ఎంత సక్కగున్నయో ఊరంత చూస్తనే ఉండె. చూసుడు వేరు, నీళ్లు తెచ్చుకునుడు వేరు.

ఉరికే ఆటలు అక్కకు లేవు. అందుకని కూసోని ఆడేటియి పట్టుకున్నది: అష్టాచెమ్మ, పులిమేక, ఓమనగుంటలు. కొన్నాళ్లకు వాటిని ఆడుడు మీద మనసుపోయి, గడియారాలు బాగుచేసెటాయన లెక్క విప్పి చూసుడు మొదలువెట్టింది. ఈ ఆట ఎందుకు ఇంకొక్కసారి ఆడబుద్ధి అయితది, ఆ ఆట నడిమిట్ల ఎందుకు ఇడిచిపెట్టి పోతం అని. ఆ ఎండకాలం నేను పోయేసరికి అరుగు బండల మీద సుద్దతోటి ఒక కొత్త పటం గీసి ఉన్నది. మా దిక్కు దాహాన్ని దూప అంటం. ఆ ఆట పేరు దూపాట. గవ్వలు వేసుకుంట ఇంటికాన్నుంచి ఎల్లి, చెల్క చుట్టి, మళ్ల ఇల్లు చేరాలె. చుట్టుకొకసారి దూపైతది, ఆగి నీళ్లు తాగాలె. తాగెతందుకు రెండు తావులు. ఒకటి దారి మీదనే ఉన్న బోరింగు. ఇంకోటి దారి తప్పి దూరం తిరిగిపోవాల్సిన వాడ బాయి. పటాన్ని అరుగు నడుమ కాకుంట అంచుకు గీసింది. ఎందుకంటె మూడో మనిషి వాడ పిల్ల, నా ఈడుది, ఆమె అరుగెక్కొద్దు. కింది మెట్టు మీద కూసున్నదానికి గవ్వలు అందాలె గద.

బాయిల ఒక దయ్యముండాలె, దానికి ఏడు జడలుండాలె అని నేను మొదలువెట్టంగనె అక్క నన్ను ఆపింది. "నీ కథ తర్వాత. ఆడెటోడు ఏం పోగొట్టుకుంటడో ముందు చూడాలె" అన్నది. ముందు పెట్టిన నియమం, బోరింగు నీళ్లు తాగినోడు ఔట్. దాంతోని ఎవరం ఆ దిక్కే పోలేదు, ఆట బజారుకు పోయొచ్చినట్టు సప్పగ అయింది. కనవడే గుంతల ఎవ్వడు పడడు, బోరింగు తియ్యగుండాలె అని అక్క ఆ గడి మీద ఇంకొకసారి గవ్వలు వేసే హక్కు పెట్టింది. ఇగ అందరం బోరింగు మీదనే పడ్డం, బాయి పాడువడ్డది. రెండు దారులుంటె రెండింటి మీద ఆశ పుట్టాలె, లేకుంటె ఒక దారి గీసుడు దండుగ అని అక్క రెండు దినాలు సుద్ద ముట్టుకోలేదు. తర్వాత రాళ్లు తెచ్చింది. బోరింగు నీళ్లు తాగినప్పుడల్ల ఒక కంకరరాయి ఒళ్లె వేసుకోవాలె. ఆ రాయి అప్పటికి ఏం చెయ్యది. ఆఖరున ఇంటి ముందరి ఎత్తు గడ్డ ఎక్కేటప్పుడు మాత్రం, ఒళ్లె ఎన్ని రాళ్లున్నయో గవ్వలు వేస్తె పడ్డ పందెంల అన్ని గడులు తగ్గుతయి.

ఆ నియమం చెప్పి ఆడిచ్చిన మొదటి ఆటల నేను బోరింగు తాగుకుంట గుర్రం లెక్క ఉరికిన. గడ్డ కాడ కూలబడ్డ. వాడ పిల్ల దూరం తిరిగి తిరిగి నిదానంగ వచ్చి నన్ను దాటుకుంట, "మా బాయి నీళ్లు తాగరైతిరి, గిప్పుడు చూడు" అని నవ్వింది. నేను కోపానికొచ్చి లేచిపోతుంటే అక్క చెయ్యి పట్టుకున్నది, నన్ను బతిమాలి బుదరకిచ్చెతందుకు కాదు, ఎందుకు లేస్తున్నవని అడిగెతందుకు. ఓడుతున్నోడు గూడ ఆఖరుదాక కూసోవాలె, లేవబుద్ధైతె ఆ తప్పు ఆటదే గని మనిషిది కాదు అనేది ఆమె లెక్క. ఒక పందెం ఇడిస్తె ఒక రాయి దించుకునేటట్టు పెట్టుమని నేను సలహా ఇచ్చిన. అక్క తన మోకాళ్ల దిక్కు చూసుకొని, "రాళ్లు దిగయి" అన్నది. గని ఎంత బరువున్నా ప్రతి పందానికి ఒక్క గడి నడవచ్చు అని పెట్టింది. అట్ల నడిచినోడు గెలువడు గని, లేచి గూడ పోడు. నేను పోలేదు.

ఆ ఆట మా కోసం కాదని నాకు మెల్లగ తెలిసింది. మా పెదనాయిన పచ్చీసు ఆటల మొనగాడు. పొద్దూకితే ఊరి మొగోళ్లు కూడే కచ్చీరు కాడ ఆయన్ను గెలిచెటోడు లేడు. "బాపు మాటంటె వినడు, ఆటైతె కూసుంటడు" అన్నది అక్క. తమ్ముని కాళ్లు వంగకముందే ఆయన కూసోవాలె. ఆయన నోటితోనే బోరింగు వద్దనిపియ్యాలె. అందుకే ఎవరూ ఆయనకు చెప్పొద్దు, ఆయనే కనుక్కోవాలె.

ఒకనాడు పగటీలి అన్నం తిని అరుగు మీద ఒరిగినాయన, ఏందే ఈ గీతలు అని లేచి కూసున్నడు. నియమాలు నేనే ఒక్క గుక్కల చెప్పిన, కొంగలు ఎలుగుబంట్లు లేకుంట. మొదటి చుట్టు బోరింగు కాడ ఆగి రాయి ఒళ్లె వేసుకున్నడు. రెండో చుట్టుకు గడ్డ దిక్కు చూసిండు, ఒళ్లెకు చూసుకున్నడు, మీసం గోక్కున్నడు. ఆయన కాయ తీసుకొని దారి తప్పిచ్చి వాడ బాయి గడిల పెట్టిండు. ఇగ ఆఖరుదాక బోరింగు మొకం చూడలేదు. మెట్టు మీది పిల్ల ఉండవట్టలేక, "పటేలా, మా బాయి కాడికే వస్తున్నవు గద" అన్నది. పెదనాయిన నవ్విండు. "ఆటల ఏమున్నదే పోరి, ఆటల అందరం ఒకటే" అన్నడు.

గెలిచిండు. నన్ను, వాడ పిల్లను, అక్కను, ముగ్గురిని దాటి ఇల్లు చేరి తొడ చరుచుకున్నడు. ఏం తెలివే బిడ్డా నీది అని అక్క తల నిమిరి, ఈ ఆట గుట్టంత బోరింగు కాడ ఉన్నది, దగ్గరున్నదని ఆశపడ్డోడు ఇల్లు చేరడు అని మాకే పాఠం చెప్పిండు. అక్క మొకం అంతగ వెలిగింది నేను మళ్ల చూడలేదు. అంతట్ల ఆయన, ఎండ మండుతాంది, చెంబు తే అని తమ్మున్ని పిలిచిండు. వాడు చేతిపంపు మీద యాలాడి యాలాడి కొట్టి చెంబు నింపుకొచ్చిండు. ఆయన ఎత్తి గటగట తాగి, మిగిలినయి కొడుకు నోట్ల పోసిండు.

"బాపూ, గిప్పుడే నువ్వే అంటివి గద" అన్నది అక్క.

"ఏమంటి?" ఆయన నిజంగనే అడిగిండు. మతలబు ఏం లేదు ఆ అడుగుట్ల, అదే నన్ను ఇప్పటికి కాలుస్తది.

"తమ్మునికన్న ఆ బాయి నీళ్లు తెప్పియ్యి."

పెదనాయిన మెట్టు మీది పిల్ల దిక్కు, బోరింగు దిక్కు చూసిండు. "అది ఆట బిడ్డా" అన్నడు, ఎంతో ప్రేమగ. చెప్పులేసుకొని కచ్చీరుకు పోయిండు.

అంతటితో ఇడిస్తె బాగుండు. ఆయన ఆ ఆటను కచ్చీరుకు తీసుకపోయిండు, నా బిడ్డ చేసిందని గొప్పగ. ఆ ఎండకాలమంత ఊళ్లె మొగోళ్లు పచ్చీసు ఇడిచి దూపాట ఆడిండ్రు. అయితె రాళ్లు మోసుకునుడు లొల్లి, ఆట సాగుతలేదని, రాళ్ల నియమం తీసేసిండ్రు. బోరింగు తాగినోనికి ఇంకో పందెం మాత్రం ఉంచిండ్రు. కొన్నాళ్లకు వాడ బాయి గడి గూడ గీసుడు మానేసిండ్రు, ఆ దిక్కు ఎవరు పోతలేరు గనుక. ఈ సంగతి నేను వచ్చి చెప్తే అక్క ఏడుస్తదనుకున్న. ఏడవలేదు. ఎక్కడ తప్పు చేసిన్నో తెలిసింది అన్నది: "నా ఆటల దెబ్బ గడ్డ కాడికి పోంగనె తగుల్తది, అందుకే బాపుకు తెలిసింది. ఆ నీళ్ల దెబ్బ తగిలేసరికి, ఎక్కడ తాగినమో మరిచిపోతం. అంత నిదానం దెబ్బను గింత ఆటల ఎట్ల చూపియ్యాలె?" నాకు తెల్వదు. మా చెల్లె కొడుకును అడిగిన, వాని కాలేజీల గూడ ఇంక చెప్పలేదట.

తొంబైలల్ల తమ్ముడు పదో తరగతికొచ్చేసరికి బస్సు మెట్టు ఎక్కెతందుకు రెండు చేతులు పట్టుకునేటోడు. అక్క అప్పటికి మంచం దిగుడే తక్కువ; ఎక్కువ కాలం గూడ బతకలేదు. కొడుకు మోకాళ్లు రాసుకునుడు మొదలైననాడు పెదనాయిన, తెల్లారకముందే బిందె భుజానేసుకొని, నలుగురు చూస్తరన్న ఫికర్ గూడ ఇడిచిపెట్టి, తనే నడిచి వాడకు పోయిండట. మెట్టు మీద కూసోని ఆడిన పిల్ల వాళ్లమ్మ ఎదురొచ్చి, ఇంకెక్కడి బాయి పటేలా అన్నదట. చుట్టు అందరు లోతు బోర్లు వేసేసరికి ఆ బాయి అంతకుముందు యేడే ఎండిపోయింది. వాడోళ్లు గూడ చేతిపంపు నీళ్లే తాగుతున్నరు. ఆయన ఆ ఎండిన బాయి గోడ పట్టుకొని చాలాసేపు లోపలికి చూసిండని చెప్తరు. ఊళ్లె నా కథలు ఎవరు నమ్మరు గని, ఇది నేను చెప్పింది కాదు, చూసినోళ్లు చెప్పింది. మనిషి మనసు మారే యేడు, బాయిల నీళ్లుండే యేడు, మా ఊళ్లె ఆ రెండు ఎన్నడు ఒక్క యేడు కాలేదు.