కొండపల్లిలో చేయించిన ఫిరంగి

ఆ ఫిరంగి గురించి చెప్పేటప్పుడు నా మొహం ఎలా ఉండేదో నేనెప్పుడూ చూసుకోలేదు. కొండపల్లిలో ఒక బొమ్మలాయన, ఆయన భార్య చూశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నేనుండేది పటమటలో. ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. చదువుకునే రోజుల నుంచీ నాకొక ఫిరంగి మీద పిచ్చి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ట్యాంకుల్ని కొట్టడానికి తయారుచేసిన ఒక తేలికపాటి ఫిరంగి అది. చూడ్డానికి చిన్నది, కొద్దిమంది సైనికులు తోసుకుంటూ తీసుకుపోగలరు. వింతంతా దాని గొట్టంలో ఉంది. గుండు పెట్టే చోట ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు, మూతి దగ్గరకొచ్చేసరికి ఇరవై. గుండు ఒంటి చుట్టూ మెత్తటి లోహంతో రెండు అంచులుంటాయి. గొట్టం సన్నబడేకొద్దీ అవి నలిగి గుండుకి అతుక్కుపోతాయి. వెనక నుంచి తోసే వాయువుకి తప్పించుకునే సందు దొరకదు. అందుకే అంత చిన్న గుండు ధ్వనికి నాలుగు రెట్ల వేగంతో బయటపడుతుంది. దాని కడుపులో టంగ్‌స్టన్ ములుకు ఉంటుంది. ఉక్కుని చీల్చేది అదే.

కాలేజీలో ఎగ్జిబిషన్ పెడుతున్నారంటే, ఈ ఫిరంగిని నిలువునా కోసినట్టుగా, లోపలంతా కనపడేలా చెక్కతో చేయించాలనిపించింది. డ్రాయింగులు పట్టుకుని కొండపల్లి వెళ్ళాను. అక్కడ దొరికాడు ఆ పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. ఆయన చెక్కితే భార్య రంగులేస్తుంది.

"మేం దశావతారాలు, ఎడ్లబండ్లు చేస్తామండి మాస్టారూ. ఇట్టాంటివి మా ఇంట్లో ఎప్పుడూ చెయ్యలేదు" అన్నాడు.

"ఆయుధం అనుకోకండి బాబాయి గారూ, మెషీను అనుకోండి" అన్నాను.

ఆయన కాసేపు డ్రాయింగు తిప్పి తిప్పి చూశాడు. గొట్టం సన్నబడే చోట గోటితో గీశాడు. "లోపల ఇంత నున్నగా ఏటవాలు తియ్యాలంటే చెయ్యి తిరిగినోడై ఉండాల" అని ఒప్పుకున్నాడు.

ఆదివారం ఆదివారం వెళ్ళేవాణ్ణి. పొణికి చెక్కతో గొట్టం, రెండు చక్రాలు, ముందు సైనికులు దాక్కునే అడ్డు పలక, వెనక కత్తెరలా విడదీసే రెండు కాళ్ళు, అన్నీ ఒక్కొక్కటే తయారయ్యాయి. నా విద్యార్థులకు రెండు క్లాసుల్లో ఎక్కనిది ఆయనకి ఒక్క మాటలో ఎక్కేసింది. నాలుగో ఆదివారం ఫిరంగి గుళ్ళు చేసి చూపించాడు. ఒకటి పేల్చక ముందుది, అంచులు విప్పుకుని ఉంది. ఒకటి గొట్టంలోంచి బయటపడ్డాక ఉండేది, సన్నగా నలిగి ఉంది. మూడోదాన్ని సగానికి కోసి, లోపల ములుకు కోసం నల్లటి తుమ్మ చేవ బిగించాడు.

నాకు ఒళ్ళు తెలియలేదు. "అబ్బ! ఏం చేశారు బాబాయి గారూ!" అని చప్పట్లు కొట్టాను.

"ఇది తగిలితే ఏమవుద్దండి?" అని అడిగాడాయన.

ఎవరో ఒకరు అడగాలనే కదా నేను ఎదురుచూసేది! చేతులు తిప్పుతూ చెప్పాను. పైనున్న అంచులు, తొడుగు అన్నీ ట్యాంకు రేకు మీదే ఆగిపోతాయి, ములుకు ఒక్కటే లోపలికి దూరుతుంది, దూరాక ముక్కలై ఎర్రగా కాలుతూ నాలుగు గోడల మధ్యా ఎగురుతుంది అన్నాను.

"లోపల మనుషులుంటారు గదండీ?"

"ఉంటారు, నలుగురైదుగురు. బయట నుంచి చూస్తే వేలు పట్టేంత కన్నం, అంతే. లోపల ఇరుక్కున్నవాళ్ళు ఎటు పోతారండీ?" నవ్వాను. ఔను, నవ్వాను.

గుమ్మంలో కూర్చుని రంగులేస్తున్న ఆయన భార్య కుంచె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏదో మాడుతోంది కాబోలు అనుకున్నాను. పెద్దాయన గుళ్ళని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. మరుసటి వారం బొమ్మ తీసుకున్నప్పుడు దానికి రంగు లేదు. "ఆవిడకి వీలుపడలేదండి" అన్నాడు.

ఎగ్జిబిషన్ రోజు ఆయన్ని పిలిచి బల్ల పక్కన కూర్చోబెట్టాను. జనం మూగారు. నేను గొంతు పెంచి, చేతులు ఊపుతూ, మళ్ళీ ఆ నలుగురైదుగురి సంగతే చెబుతున్నాను. మూడో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె నా పక్కకొచ్చి మెల్లగా అంది: "సార్, ఆ తాతగారి అబ్బాయి ఆర్మీలో ట్యాంకు డ్రైవరంట. ఫోన్లో ఫొటో చూపించారు."

తిరిగి చూశాను. పెద్దాయన ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు. ఆ క్షణంలో వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకోవాల్సింది. వెళ్ళలేదు. ప్రిన్సిపాల్ గారు వస్తున్నారని వంక పెట్టుకుని ఇటు తిరిగాను. మొదటి బహుమతి కూడా నేనే స్టేజీ ఎక్కి అందుకున్నాను. కిందికి దిగేసరికి ఆయన బస్సుకి వెళ్ళిపోయాడు.

నెల రోజులు ఏదో ఒక సాకు చెప్పుకుని, చివరికి కొండపల్లి వెళ్ళాను. ఆవిడే కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. పెద్దాయన ఓ మూల కూర్చుని చెక్కుతున్నాడు.

"నాకు తెలియదు పిన్నిగారూ. తెలిస్తే అట్లా మాట్లాడేవాణ్ణి కాదు" అన్నాను.

"తెలియకపోతే మాత్రం, అందులో ఉండేది ఎవురో ఒకరి పిల్లలే గదా బాబూ" అంది. కోపంగా అనలేదు. తర్వాత ఆవిడే అడిగింది: "ఆ ఫిరంగి ఇప్పుడుందా?"

"లేదండి. దాని గొట్టం కొన్ని వందల దెబ్బలకే అరిగిపోయేది. టంగ్‌స్టన్ దొరక్క జర్మన్లే మానేశారు. అది మ్యూజియం సరుకు."

"మరి ఇప్పుడు అట్టాంటియ్యి?"

"లేవండి" అన్నాను.

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి, టీ పెడతానని లేచింది.

పెద్దాయన నన్ను రోడ్డు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. ఇంటికి కాస్త దూరం వచ్చాక ఆగాడు.

"మా ఇంటిదానికి అబద్ధం చెప్పారు గదండీ?"

"చెప్పాను."

"మంచి పని చేశారు. నాకు మాత్రం ఉన్నది చెప్పండి."

చెప్పాను. ఇప్పటి గుళ్ళు బాణంలా పొడుగ్గా ఉంటాయని, ట్యాంకులోకి దూరాక ములుకు చేసే పని అప్పటిదేనని, గొట్టం దాటగానే పై తొడుగు విడిపోయి రాలిపోతుందని, వేగం అప్పటికంటే ఎక్కువని. చెబుతూ చెబుతూ నా చెయ్యి గాల్లోకి లేచింది, తొడుగు ఎలా విడిపోతుందో చూపించడానికి. ఆయన నా చేతినే చూస్తున్నాడు. నేను చెయ్యి దించేసుకున్నాను.

"చాలండి మాస్టారూ" అన్నాడాయన. "అదుగో, మీ బస్సు."

ఎక్కాను. కిటికీలోంచి వెనక్కి చూడలేదు.