చుక్కల వాళ్ళకు తెలుగొచ్చు

కురవి అవతలి లంబాడీ తండాలో మోతీ గొంతు గురించి చెప్పాలంటే మిరప చేలోంచే మొదలుపెట్టాలి. కాయ ఏరే ఆడవాళ్ళు ఈ కొసన ఉంటే ఆమె ఆ కొసన గట్టు మీద నిలబడి పిలిచేది. వినపడలేదని చెప్పి తప్పించుకున్న మనిషి ఇంతవరకు లేదు. బడి గడప తొక్కలేదు, ఎవరి ముందూ తలా వంచలేదు.

అంత గొంతూ ఒక్క అంగడిలోనే తగ్గేది. కాపురానికొచ్చిన కొత్తలో వచ్చీరాని తెలుగులో బెల్లం అడిగితే, కిరాణం పోశాలు ఆ మాటను అట్లాగే తిప్పి పలికి నలుగురినీ నవ్వించాడు. మోతీ ఏడవలేదు. ఇంటికొచ్చి, మొగుడు జాల్యా మిర్చి అమ్మి తెచ్చిన రేడియో ముందు కూర్చుంది. అందులో ఆదివారం ఆదివారం ఒక నాటకం వచ్చేది. చుక్కల మీది వాళ్ళు ఓడలో దిగుతారు, ఊరంతా హడలిపోతుంది. ఆమెకు ముందు అరుపులు అర్థమయ్యాయి, తర్వాత ఏడుపులు, ఆ తర్వాత మాటలు. తెలుగు నేర్చింది అట్లాగే. తప్పు పలికితే వెక్కిరించని పంతులు ఆ పెట్టె ఒక్కటేనని ఇప్పటికీ అంటుంది. అది మూగపోయి ఏళ్ళయినా పారేయనివ్వలేదు.

మహబూబాబాద్‌లో లత, తస్లీమా అని ఇద్దరు స్నేహితురాళ్ళు ఒక గదికి నాలుగు వైపులా బొంతలు కట్టి, ఫోన్లో వినే నాటకాలు చేస్తారు. జనగామలో రేడియోలు బాగుచేసే కుతుబుద్దీన్ ఆ పాత నాటకాన్ని క్యాసెట్టుకెక్కించి దాచాడని తెలిసి తెచ్చుకున్నారు. ఉన్నదున్నట్టు వినిపిస్తే ఈ కాలం పిల్లలు ఆవలిస్తారు. అందులో శాస్త్రవేత్త ఉపన్యాసం మొదలుపెడితే ఆపడు, ఆడమనిషి ఉన్నది కెవ్వుమనడానికే. కాబట్టి తిరగరాయడానికి కూర్చున్నారు. ఓడ చప్పుడు తస్లీమా వాళ్ళమ్మ కుట్టుమిషన్ నుంచి తీశారు. ఇక చుక్కల వాళ్ళ పెద్దమ్మకు గొంతు కావాలి. మోతీ వెంట మిరపకాయ ఏరిన లత తల్లి ఆ గొంతును గుర్తుచేసింది.

ఏ నాటకమో వినగానే మోతీ కూలి మానుకుని, పండుగ బట్టలు కట్టుకుని వెళ్ళింది. మైకు ముందు కూర్చోబెట్టాక లత అసలు సంగతి చెప్పింది.

"నువ్వు తెలుగు మాట్లాడొద్దు అవ్వా. మీ లంబాడీలనే మాట్లాడు. చుక్కలోల్ల మాట ఎవ్వలకు సమజ్ కావద్దు గద, గందుకే."

ఆ పిల్ల మంచి మనసుతోనే అంది. తంటా అక్కడే. చెడ్డ మనసుతో అన్నవాళ్ళ నోరు మూయించడం సులువు.

మోతీ మైకును పక్కకు జరిపింది. "అంటే మేం భూమ్మీద మనుషులం కాదా బిడ్డా?"

జవాబు కోసం ఆగకుండా చెప్పులేసుకుని ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఒకటే గుబులు. పోశాలు నవ్వించింది అంగడిలో నలుగురినే. ఈ నాటకం భూపాలపల్లిలో బొగ్గుబాయి దగ్గరున్న కూతురి పిల్లల దాకా పోతుంది. తమ మాట మనుషుల మాట కాదని వాళ్ళు అమ్మమ్మ గొంతులోనే వింటారు.

తెల్లవారి లత చేనుకే వచ్చింది. చున్నీ నడుముకు కట్టి, కాయ ఏరడానికి సాలులో వంగింది. మధ్యాహ్నానికి వేళ్ళు మండి ఊదుకుంటుంటే, మోతీ మజ్జిగ గిన్నె ముందుకు తోసి చేతులు ముంచమంది.

"తప్పయింది అవ్వా. ఎట్ల జెయ్యాల్నో నువ్వే చెప్పు."

"ఆ కథల పిలవకుంట వచ్చినోల్లు ఎవలు?"

"చుక్కలోల్లు."

"మా తండకు పిలవకుంట వచ్చే సార్లు ఏం మాట మాట్లాడ్తరు? రేడియోల వార్తల మాట. చుక్కలోల్లను గదే మాట్లాడనియ్యి. భూమ్మీదోల్లం మేం మా మాట మాట్లాడ్తం."

లత నవ్వింది, మళ్ళీ దిగులు పడింది. తెలుగువాళ్ళు అర్థం కాక మధ్యలోనే ఆపేస్తారేమోనని ఆమె భయం.

"నాకు సమజైంది గద అప్పుడు. వాల్లకు మాత్రం చెవుల్లేవా?"

కథ తండాకు మారింది. ఉపన్యాసం పోయింది. మిరప చేలో ఓడకు ఎదురు నిలబడే మనిషి మోతీయే అయింది. చుక్కల వాళ్ళు ఆమె మాట విని, తమకు తోచిన అర్థం తెలుగులో పైకి చెప్పుకుంటారు, చాలావరకు తప్పే. ఆ తప్పులు పట్టుకునే వినేవాళ్ళు దారి వెతుక్కుంటారు.

పొద్దు గూకే వేళ తండాలో జాల్యా మంచం మీద స్పీకరు పెట్టి వినిపించారు. జనగామ నుంచి కుతుబుద్దీన్ కూడా వచ్చాడు. కుట్టుమిషన్ ఓడ దిగింది. "ఓ భూలోక నివాసినీ, తమరి పరిచయ భాగ్యము కలుగునా?" అని చుక్కల పెద్ద అడగ్గానే తండా అంతా విరగబడి నవ్వింది. మోతీ గొంతు తండా మాటలో బదులిచ్చింది: మేం మనుషులం, చెప్పులు విడిచి చేలోకి రండి. నవ్వు ఆగిపోయింది. జాల్యా ఒకసారి స్పీకరును, ఒకసారి పెళ్ళాన్ని చూశాడు. మోతీ లేచి వెళ్ళి కుతుబుద్దీన్ రెండు చేతులూ పట్టుకుంది. ఆ మనిషి దాచకపోతే ఏముంది?

నాటకం ఫోన్లలోకి ఎక్కాక భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఎప్పుడూ తెలుగులోనే బదులిచ్చే మనవలు ఆ చెప్పుల మాటను తండా మాటలోనే పోటీపడి చెప్పారు. గట్టు మీద నిలబడి చేనంతా కదిలించే మనిషి, ఇంకొక్కసారి చెప్పమని మెల్లగా అడిగింది.

మరుసటి వారం అంగడికి మోతీ పోయి, పోశాలు కొట్టు ముందు నిలబడి, గట్టు మీది గొంతుతో, తన మాటలోనే బెల్లం అడిగింది. పోశాలు ముసలివాడయ్యాడు, చెవులు బాగానే ఉన్నాయి. మళ్ళీ అడగకుండా తూచి ఇచ్చాడు.

ఆ బెల్లం మోతీ ఇంటికి తీసుకుపోలేదు. ఆటో ఎక్కి, బొంతలు కట్టిన గదికి పోయి, లత చేతిలో పెట్టింది. మిర్చికి మండిన చేతులు గద, జర తీపి తగలనియ్యి అని మాత్రం అంది.