మాస్టారు విడమర్చిన మూడో మెట్టు

ఈ ఉదయం అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్కనుంచి వెళ్తుంటే కొత్త బెల్లం వాసన గుప్పుమంది. అందరికీ నోరూరించే వాసనే, నాకు మాత్రం పోయిన మనిషిని గుర్తుచేసే వాసన. సూరిబాబు మాస్టారి చొక్కా ఎప్పుడూ అదే వాసన వేసేది. మార్కెట్ ఎదుట మేడ మీద ఆయన కంప్యూటర్ షాపు. ప్రోగ్రాములు రాయడం నాకు నేర్పింది ఆయనే. ఒక్క పూటైనా కుదురుగా కూర్చోబెట్టి నేర్పలేదు మహానుభావుడు, బెల్లం దిమ్మల మధ్య తిప్పుతూనే చెప్పేవారు.

పాతకాలపు వ్యాపారులు బెల్లం వేలంలో తువ్వాలు కింద చెయ్యి పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారట, పక్కవాడికి తెలియకుండా. మాస్టారు దాన్నే ఫోన్లోకి తెచ్చారు. ఎవరు వేసిన ధర వారి ఫోన్లోనే తాళం పడి ఉంటుంది. అందరూ వేశాక అన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. పని పూర్తయిన రోజే, ఎలా చేశామో మెట్టు మెట్టుగా చెబుతూ వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టేశారు. నాకు ఒళ్లు మండింది.

"ఇంత కష్టపడి చేసింది ఊరందరికీ పంచేత్తారా మాస్టారూ?"

"తువ్వాలు నేను కనిపెట్టేనేటమ్మాయ్? పెద్దోళ్లు మనకి ఊరికే ఇచ్చేరు. దాసుకుంటే ఏటొత్తాది?" అని నవ్వేశారు.

ఆయన పోయాక షాపూ ప్రోగ్రామూ నా చేతికొచ్చాయి. నా ఇల్లు గడిచేది వాటి మీదే. అలాంటిది, ఆమధ్య ఒక పెద్ద కంపెనీ నుంచి నోటీసు. ఆ పద్ధతి మీద పేటెంట్ తమదట, నేను దొంగిలించానట, వెంటనే ఆపేయాలట! మాస్టారి తువ్వాలుకి నేను దొంగనా?

నోటీసు పట్టుకుని లాయరు గారి దగ్గరికి పరుగెత్తాను. "కంగారు పడకమ్మా. ఆళ్లు పేటెంటుకి దరఖాస్తు పెట్టకముందే ఈ సంగతి లోకంలో ఎక్కడైనా బయటపడుంటే, ఆళ్ల మాట నిలవదు. తేదీతో సూపించు, సాలు," అన్నారాయన.

అక్కడే కూర్చుని వీడియో వెతికాను. దొరికింది. వాళ్ల దరఖాస్తు కంటే చాలా ముందుది. హమ్మయ్య అనుకుంటూ కిందికి జరిపితే, వీడియో కింద ఎవరిదో ప్రశ్న: "చాలా బాగుంది సార్. మూడో మెట్టు అర్థం కాలేదు, వివరించగలరా?" దానికి మాస్టారి జవాబు, ఇంత పొడుగున. చివర, "ఇంకా డౌటుంటే మొహమాటపడకండి బాబూ" అని.

అడిగిన మనిషి పేరు చూసి కొయ్యబారిపోయాను. నోటీసుతో వచ్చిన పేటెంట్ పత్రంలో, కనిపెట్టినవారు అన్నచోట ఉన్నదీ ఆ పేరే! మాస్టారు విడమర్చిన ఆ మూడో మెట్టే అందులో ఇంగ్లీషులో ఉంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాను గానీ, వాసాలు పీక్కుపోయి ఇంటివాళ్లనే దొంగలనేవాణ్ణి ఎక్కడా చూడలేదు. లాయరు గారి ముందే భోరుమన్నాను. "ఓరి నాయనో!" అంటూ ఆయన ఆ ప్రశ్ననీ జవాబునీ తేదీలతో సహా కాగితం మీదికి ఎక్కించుకున్నారు.

ఆ వీడియో, దాని కింది ప్రశ్నాజవాబూ చూపించాక కంపెనీ నోరు మూసుకుని నోటీసు వెనక్కి తీసుకుంది. నా భయం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

నిన్న నేను కొత్తగా రాసిన ప్రోగ్రాము వీడియో పెట్టాను. ఈ ఉదయం మార్కెట్ దగ్గర ఫోన్ చూసుకుంటే, దాని కింద ఒక ప్రశ్న: "మేడం, రెండో మెట్టు అర్థం కాలేదు." ఎవరో తెలియదు. దొంగో, దొరో. బెల్లం వాసనలో అలాగే నిలబడిపోయాను. వీడియో తీసేద్దామనే అనిపించింది, అబద్ధమెందుకు? చివరికి అరుగు మీద కూర్చుని ఇంత పొడుగు జవాబు రాశాను. మొహమాటపడకండి అని కూడా చేర్చాను.

తేదీ మాత్రం పైన పెద్దగా వేశాను.