నీళ్ల వంతు

రాజపాళయం దగ్గర సేత్తూరు పక్కన రావలసిన హైడ్రోజన్ ప్లాంటు పోయింది. దానితో అక్కడి మిల్లుల బాయిలర్లకు పొగలేని మంట పోయింది, ఊరి పిల్లలకు ఉద్యోగాలు పోయాయి, పంచాయతీకి పన్ను పోయింది. సోలార్ కరెంటుతో నీళ్లను విడగొట్టి గ్యాసు తీసే ఆ పని మంచిదేనని ఇప్పటికీ అంటాను. అది ఎందుకు పోయిందో రాజపాళయం టౌన్ బస్సులో నా పక్కన కూర్చున్న ఆ ఊరి రైతావిడ చెప్పింది.

"మా బావి నాలుగిండ్లది అన్నా. ఇంటికొక దినం వంతు. వంతు లేనిది ఎవరూ మోటారు వేయకూడదు. ప్లాంటు కోసం ఊర్లో పెట్టిన మీటింగులో కంపెనీ ఆయన్ను అడిగినాను, మీరూ ఈ నేల నీళ్లే తోడతారు కదా, మీ వంతు ఏ దినమని."

"ఏమన్నాడు?"

"నవ్వినాడు. బిస్కెట్ పొట్లం చేతికిచ్చి కూర్చోమన్నాడు. ఊరంతా ప్లాంటు వద్దని లేచి వచ్చేసినాము."

"ప్రమాదం లేదని చెప్పలేదా?"

"గంటసేపు చెప్పినాడు, పేలదంట. మేము అడిగింది అదా?"

ఊరివాళ్లకు సైన్సు అర్థం కాలేదని కంపెనీవాళ్లు చెప్పుకుంటున్నారు. వింటే ఒళ్లు మండుతుంది. కిలో గ్యాసుకు కనీసం తొమ్మిది లీటర్ల నీళ్లు కావాలి. ఎన్ని కిలోలు తీస్తారో చెప్పి ఉంటే మిగతాది గుణకారమే. రోజుకు ఎన్ని లీటర్లు తోడతారన్న ఆ ఒక్క అంకె ఆమెకు ఈ రోజుకీ బాకీ.