అవ్వను పక్కకు తిప్పిన చేయి

శవాన్ని తుడిచి, గుడ్డ కప్పి పంపడం నేర్చుకున్నదాన్ని నేను. పోయినవాళ్లు తిరిగి వస్తారని ఎవరైనా చెబితే పైకి ఏమీ అనకపోయినా లోపల నవ్వుకునేదాన్ని. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

నేను ధర్మపురిలో నర్సింగ్ చదువుతున్నాను. మా ఊరు పెరియంపట్టి. రోజూ బస్సులో వెళ్లి వస్తాను. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, పక్షవాతం వచ్చి కుడిపక్క పూర్తిగా పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తుంది. షుగర్ కూడా ఉంది. వీపు మీద పుండు పడితే మానదని, అదే ప్రాణం తీస్తుందని డాక్టరు ముందే చెప్పాడు.

అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చాలని అమ్మకు నేర్పాను. మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి. మడమ పరుపుకు ఆనకుండా చీలమండ కింద గుడ్డ చుట్ట పెట్టాలి. చర్మం ఎర్రబడితే వేలితో నొక్కి చూడాలి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే భయం లేదు. తెల్లబడకపోతే లోపల పుండు మొదలైనట్టు.

అమ్మ నాకంటే బాగా చేసేది. అవ్వ ఒక్కసారి మెచ్చుకున్నది లేదు. "మెల్లగా తిప్పే, నేనేమన్నా గోనెసంచినా?" అనేది. అమ్మ నవ్వేది.

పోయిన వేసవిలో అమ్మ పొలంలోనే కుప్పకూలింది. ఆస్పత్రికి చేరేలోపే పోయింది. తెలిస్తే అవ్వ తట్టుకోలేదని శవాన్ని ఇంటికి తేలేదు. బి. మల్లాపురంలో మా మేనమామ ఇంటినుంచే సాగనంపాం. మామకు ఒంట్లో బాగాలేదని, అమ్మ అక్కడే ఉందని అవ్వకు చెప్పాం.

ఆ తరువాత ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నేను తిప్పేదాన్ని. రాత్రి లేవాలనుకున్నా ఒళ్లెరగని నిద్ర పట్టేది. పగలంతా నాయన ఆవుల వెంట పోతాడు. పక్కింటి పెద్దమ్మ వచ్చి గంజి తాగించేది. తిప్పమంటే మాత్రం, "మీ అవ్వను తిప్పేకి నలుగురు కావాల పాపా. నా నడుము పోతే నన్ను తిప్పేదెవురు?" అనేది. ఆమెనేం అనగలను?

అవ్వ తుంటి మీద ఎరుపు కనబడసాగింది. బస్సులో కూర్చున్నంతసేపూ అదే కళ్లముందు ఉండేది. చదువు మానేద్దామనుకున్నాను.

ఒకరోజు పెద్దమ్మ పెళ్లికని కారిమంగళం పోయింది. నేను అవ్వకు గంజి తాగించి, వెల్లకిలా పడుకోబెట్టి కాలేజీకి వెళ్లాను. నాయన తలుపుకు తాళం వేసి ఆవులను తోలుకుపోయాడు.

సాయంత్రం వచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది. నా దగ్గరున్న తాళంచెవితో తీశాను. అవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మోకాళ్ల మధ్య దిండు. చీలమండ కింద గుడ్డ చుట్ట.

"మీయమ్మ ఇప్పుడే పోయె," అంది అవ్వ, ఇటు తిరగలేక గోడతోనే మాట్లాడుతూ. "నీ బస్సు సద్దు ఇనంగానే లేసి పోయె. కూతురి మొగమన్నా చూడకుండా ఏమంత తొందర దానికి?"

నా చేతులు అలవాటుగా పని చేశాయి. అవ్వ భుజం మీద, తుంటి మీద వేళ్లు గట్టిగా పట్టిన గుర్తులు ఉన్నాయి. ఒకదాన్ని నొక్కాను. తెల్లబడింది. వేలు తీయగానే ఎరుపెక్కింది. అలాంటి గుర్తు ఒంటిమీద ఎక్కువసేపు నిలవదు.

నాయన వచ్చాక, మధ్యలో ఇంటికేమైనా వచ్చాడా అని అడిగాను. "ఆవుల్ని ఇడిసిపెట్టి ఎట్ల వస్తాను పాపా?" అన్నాడు. ఆ దిండు వైపు చూసి కొట్టంలోకి పోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

కాలేజీలో మా టీచరమ్మను, వేరెవరికో జరిగినట్టు చెప్పి అడిగాను. కండరాలు బిగుసుకుపోయి మనిషి తనంతట తాను కొంచెం తిరగవచ్చట. కావచ్చు. బిగుసుకున్న కండరం దిండు పెట్టదు కదా.

మళ్లీ ఎప్పుడూ అవ్వ అలా తిరిగి కనబడలేదు. పొద్దున ఎలా వదిలిపోతే సాయంత్రం అలాగే ఉండేది. కానీ తుంటి మీద ఎరుపు తగ్గిపోయింది. అమ్మ ఎప్పుడొస్తుందని అవ్వ అడగడం కూడా మానేసింది.

వానలు మొదలయ్యాక అవ్వ నిద్రలోనే పోయింది. నీళ్లు పోసేటప్పుడు నేనే పక్కకు తిప్పి వీపు, తుంటి, మడమలు చూశాను. ఎక్కడా చర్మం చెదరలేదు. షుగరున్న మనిషిని, ఒకపక్క పడిపోయిన మనిషిని, అన్నాళ్లు రోజుకు రెండుసార్లు మాత్రమే తిప్పితే ఒళ్లు అలా ఉండదు. అది నేను చదువుకున్నదే.

మిగతాసార్లు ఎవరు తిప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.