గాలివ్వని లెక్కల సారు

ఇప్పటికీ ఎక్కడైనా సీలింగ్ ఫ్యాన్ టకటకమంటూ తిరిగితే నా నోటికి ముందుగా వచ్చే మాట ‘సారు’. మా ఇంట్లో వాళ్లకు అలవాటైపోయింది గానీ, కొత్తవాళ్లు నన్ను అదోలా చూస్తారు. చూడనీ. వాళ్లకేం తెలుసు, మా సారు సంగతి!

అది 2012 ఎండాకాలం. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూ అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో ఉండేవాణ్ణి. గదిలో నలుగురం, కిటికీ ఒకటి. చిక్కడపల్లి పెద్ద లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే పోయి పుస్తకం పెట్టి కాపలా కాయాలి. నాకంత ఓపిక ఎక్కడిది? అందుకే మా సందు చివర కాలనీవాళ్లు నడిపే చిన్న రీడింగ్ రూమ్‌లో కూర్చునేవాణ్ణి. రెండు బల్లలు, నాలుగు పేపర్లు, నడిమధ్యన ఒకే ఒక్క ఫ్యాను.

ఆ ఫ్యాను ఎవరో పోయినాయన జ్ఞాపకార్థం ఇచ్చింది. ఒక రెక్క మీద ‘కీర్తిశేషులు’ అని, రెండో రెక్క మీద ఆయన పేరు, మూడో దాని మీద ‘లెక్కల ఉపాధ్యాయులు’ అని ఎర్ర రంగుతో రాసి ఉండేది. తిరుగుతున్నప్పుడు ఏమీ కనిపించదు. కరెంటు పోతే రెక్కలు మెల్లగా ఆగి అక్షరాలు బయటపడేవి. అప్పట్లో కరెంటు పోవడానికి కొదవేముంది, ఆ పేరు మా అందరికీ కంఠతా వచ్చేసింది. కానీ పేరు పెట్టి ఎవరం పిలవలేదు. లెక్కల సారు అనేవాళ్లం.

“కరెంటొచ్చినా సారు లేస్తలేడేందన్నా?”

“కర్రతోని జర లేపు.”

చీపురు కర్రతో రెక్కను ఒక తోపు తోస్తే గానీ కదిలేది కాదు. కదిలాక టకటక శబ్దం. “సారు క్లాసు షురూ చేసిండు,” అని ఒకడనేవాడు. “గీ స్పీడుతోని సిలబస్ ఎప్పుడైతది సారూ?” అని ఇంకొకడు. నేనైతే మరీ అన్యాయం. అరిథ్‌మెటిక్ బిట్లు తప్పు చేసింది నేను, తిట్లు తినేది సారు. కిటికీ పక్కన ఒక పెద్దావిడ రోజూ మధ్యాహ్నం వచ్చి పేపరు చదువుకునేవారు. మా మాటలకు తలెత్తకుండానే నవ్వుకునేవారు.

ఎండలు ముదిరాక ఒకరోజు కాలిన వాసన వచ్చి సారు పూర్తిగా ఆగిపోయాడు. కర్రతో తోసినా లేవలేదు. రూమ్ తాళాలు చూసుకునే అంకుల్ వచ్చి పైకి చూసి, “వైండింగ్ చేయిద్దామా, కొత్తది కొందామా? రోజు కూసునెటోళ్లు మీరు, మీరే చెప్పుండ్రి,” అన్నారు.

అందరికంటే ముందు నోరు లేచింది నాదే. చెమటకు పుస్తకం పేజీలు చేతికి అంటుకుపోతున్నాయి మరి.

“కొత్తదే కొందాం అంకుల్. సారుకు రిటైర్మెంట్ ఇచ్చేద్దాం.”

అందరూ గొల్లున నవ్వారు. అంకుల్ మాత్రం నవ్వకుండా కిటికీ వైపు తిరిగారు. “మీరేమంటరమ్మా? ఫ్యాన్ ఇచ్చింది మీరే గదా.”

ఆవిడ సారు భార్య! ఇన్నాళ్లూ ఆవిడ ఎదురుగానే ఆయన్ను కర్రతో పొడిచాం, నోటికొచ్చింది అన్నాం. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడ పేపరు మడిచి బల్ల మీద పెట్టారు. “రిపేరే చేయించుండ్రి బాబూ. మా ఇంట్ల అందరు మంచోళ్లే. నేను ఏడుస్తనని ఆయన పేరెత్తరు. నేనెత్తితే మాట మారుస్తరు. ఈడికొస్తే పొద్దంత సారు, సారు అంటనే ఉంటరు మీరు. బడిల పిల్లలు గూడ ఆయన్ని గిట్లనే అనెటోళ్లు. కొత్త ఫ్యాన్ పెడితే దాన్ని సారు అంటరా?”

అనబోమని మా అందరికీ తెలుసు. కొత్తదాని మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రమే ఫ్యాను దింపి, స్నేహితుడి బండి వెనక సారును ఒళ్లో పెట్టుకుని నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గరి వైండింగ్ షాపుకు తీసుకెళ్లాను. ట్రాఫిక్‌లో ప్రతి గుంతకూ రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఎందుకో ఆయనకు దెబ్బ తగలకూడదనిపించింది.

బాగై వచ్చింది. గాలి అంతంతమాత్రమే, టకటక మాత్రం అలాగే ఉంది. మారింది మేమే. ఆవిడ రాగానే కాళ్లు ముడుచుకుని బుద్ధిమంతుల్లా కూర్చునేవాళ్లం. “ఫ్యాన్ వెయ్యన్నా,” అని మెల్లగా అనేవాళ్లం. సారు అన్న మాట ఎవరి నోటా రాలేదు. పెద్దావిడకు మర్యాద ఇస్తున్నామనుకున్నాం. ఆవిడ పేజీలు తిప్పుతూ మధ్యమధ్యలో మావైపు చూసేవారు. పేపరు సగంలోనే మడిచి వెళ్లిపోయేవారు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఫ్యాను లేవలేదు. ఒకతను చప్పుడు చేయకుండా కర్ర తెచ్చి, పసిబిడ్డను తాకినట్టు రెక్కను అంచున తోశాడు. రూమ్‌లో చిన్న మాట కూడా లేదు.

ఆవిడ కళ్లద్దాలు తీసి మమ్మల్ని చూశారు. “మీరు గూడ బంద్ జేసిండ్రా బాబూ, ఆయన పేరెత్తుడు?”

నేను ఫ్యాను వైపు తలెత్తి, ఎప్పటి గొంతుతోనే అరిచాను.

“ఏం జెయ్యాలమ్మా, సారుకు ఎంత రిపేరు చేయించినా బుద్ధొస్తలేదు. పొడిస్తే గాని కదలడు!”

ఆవిడ పకపకా నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

“ఇంట్ల గూడ గంతే ఉండె,” అన్నారు.