ఆదివారం గళ్ళు

సంగారెడ్డి వెళ్ళే బస్సులో కూర్చుని మా ఆరోగ్య కేంద్రం టీకాల ఫ్రిజ్ చార్టు నింపుతున్నాను. రోజూ రెండు పూటలా ఉష్ణోగ్రత చూసి రాయాలి. ఆదివారం నేను వెళ్ళలేదు. ఆ రెండు గళ్ళలో శనివారం అంకెలే వేద్దామని పెన్ను మూత తీశాను.

పక్క సీట్లో ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన చూస్తున్నాడు.

"ఫ్రిజ్ ఈడ లేదు గద బిడ్డా, సూడకుంట ఎట్ల రాస్తున్నవ్?"

"ఏం గాదు కాకా, రోజు గంతే ఉంటది," అన్నాను చిరాగ్గా.

ఆయన ఆ ఖాళీ గళ్ళ మీద వేలు పెట్టాడు.

"నేను గూడ గట్లనే అనుకున్న. పటాన్‌చెరుల బాయిలర్ కాడ చేసేటోన్ని. ఒకదినం మీటరు సూడకుంటనే ప్రెషర్ ఎంతుందో రాసిపెట్టి, చాయ్ తాగుదామని బయటికొచ్చిన. మా తమ్ముడు లోపల్నే ఉండె."

తర్వాత ఏమైందని నేను అడగలేదు. సీటు మీద పడ్డ నా పెన్ను మూత అందుకుని ఆయన నా చేతిలో పెట్టాడు. ఆ పైన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

చార్టు అలాగే ఇచ్చాను. ఖాళీ గళ్ళు చూసి జిల్లా ఆఫీసులో అందరి ముందూ చీవాట్లు పెట్టారు.

ఇప్పటికీ ఫ్రిజ్ ముందు నిలబడి అంకె చూశాకే పెన్ను మూత తీస్తాను.